ఇల్లు విడిచినవారి ఇంటివైద్యం: వినయపిటకంలో పడిశపు మందులు

అంగుత్తరనికాయంలోని గిరిమానందసుత్తంలో శరీరాన్ని పీడించే వ్యాధుల పట్టిక ఒకటి ఉంది. కంటిజబ్బు, చెవిజబ్బు, ముక్కుజబ్బు అంటూ సాగే ఆ వరుసలో దగ్గుకూ ఉబ్బసానికీ పక్కనే ‘పినాసో’ అనే మాట కనిపిస్తుంది. సంస్కృత వైద్యగ్రంథాలు చెప్పే పీనసం, తెలుగు ఇళ్లలో పెద్దలు నేటికీ వాడే పీనసం ఇదే. అయితే శరీరం ఎన్ని బాధలకు నిలయమో ధ్యానించమని చెప్పడం ఆ సుత్తం ఉద్దేశం. మందు చెప్పడం దాని పని కాదు. ముక్కు దిబ్బడ వేసి, తల బరువెక్కి, రాత్రి నిద్రపట్టని భిక్షువు ఏం చేసేవాడో తెలుసుకోవాలంటే వినయపిటకం తెరవాలి.

‘పడిశం పది రోగాల పెట్టు’ అని మన సామెత. ఆ పడిశం అనే మాట సంస్కృత ‘ప్రతిశ్యాయ’ శబ్దం ప్రాకృతంలో అరిగి మనకు చేరిన రూపమనుకోవచ్చు. ‘ప్రతిమ’ ప్రాకృతంలో ‘పడిమ’ అయినట్టే ఇక్కడా ‘ప్రతి’ కాస్తా ‘పడి’ అయింది. రోగం పేరు ఎక్కడి నుండి వచ్చినా దాని మందులు మాత్రం వంటింటివే. శొంఠి, మిరియాలు, పసుపు, తులసి, వెల్లుల్లి, వేడి జావ, వావిలాకు వేసి కాచిన నీటి ఆవిరి, ముక్కులో వేసుకునే నేతిచుక్క, పసుపుకొమ్ము కాల్చి పీల్చే పొగ. వీటన్నిటికీ పోపులపెట్టె కావాలి, రోలు కావాలి, రాజుకున్న పొయ్యి కావాలి, అర్ధరాత్రి లేచి కషాయం కాచి ఇచ్చే మనిషి కావాలి. ఒక్క మాటలో చెప్పాలంటే ఇల్లు కావాలి.

బౌద్ధభిక్షువు విడిచి వచ్చింది సరిగ్గా దీనినే. మధ్యాహ్నం దాటిన తరువాత అతడు భోజనం చేయరాదు. ఆహారపదార్థాలు రేపటికి దాచుకోరాదు, స్వయంగా వండుకోరాదు, ఒంటికి వెచ్చదనం కోసం నిప్పు రాజేసుకోరాదు. అటువంటివాడికి ఇంటివైద్యం అందేదెలా? మహావగ్గంలోని ఆరవ ఖంధకమైన భేసజ్జక్ఖంధకాన్ని సాధారణంగా బౌద్ధుల ఔషధపట్టికగా చదువుతారు. పైన చెప్పిన ప్రశ్నకు సంఘం వెతుక్కున్న జవాబుల వరుసగా చదివితే దానిలోని చిన్న చిన్న వివరాలకు అసలు అర్థం తెలుస్తుంది.

ఆ ఖంధకం శరదృతువులోని ఒక జబ్బుతో మొదలవుతుంది. శ్రావస్తిలో భిక్షువులకు తాగిన జావ గానీ తిన్న అన్నం గానీ ఇమడలేదు. చిక్కిపోయి, పాలిపోయి, నరాలు పైకి తేలిన వారిని చూసి బుద్ధుడు నెయ్యి, వెన్న, నూనె, తేనె, ఫాణితం అనే ఐదింటిని మందుగా అనుమతించాడు. ఫాణితమంటే చెరకురసాన్ని కాచి తీసిన పాకం. మొదట వీటిని పూటలో, అంటే మధ్యాహ్నంలోపు, తీసుకోవాలన్నారు. అన్నమే ఇమడనివాడికి అదే పూటలో నెయ్యి ఇమడడం కష్టమని తేలడంతో ఏ వేళలోనైనా తీసుకోవచ్చని సవరించారు. లోకం మందుగా ఎంచేది, అయినా ముద్దన్నంలాంటి ఆహారం కానిది అన్నది ఈ ఐదింటినీ ఎంచిన కొలమానం.

తరువాత వరుసగా వేళ్లు, కషాయాలు, ఆకులు, కాయలు, బంకలు, ఉప్పులు వస్తాయి. వేళ్లలో పసుపు, అల్లం, వస, అతివిష, కటుకరోహిణి, వట్టివేరు, తుంగముస్తెలున్నాయి. ఆకుల్లో వేప, తులసి. కాయల్లో పిప్పళ్లు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరిక. బంకల్లో ఇంగువ కనిపిస్తాయి. వేళ్లు నూరుకోవడానికి సన్నికల్లు, పొత్రం కూడా విడిగా అనుమతి పొందాయి. వీటికి ఐదు మందులకు లేని మినహాయింపు ఒకటి దక్కింది. ఒకసారి స్వీకరించిన వేరునో కాయనో జీవితాంతం దగ్గర ఉంచుకోవచ్చు, అవసరమైనప్పుడు వాడుకోవచ్చు. ఆకలి తీర్చుకోవడానికి తినేవి కావు గనుక వీటిని ‘యావజీవికం’ అన్నారు. నెయ్యి, తేనెవంటి వాటికి మాత్రం ఏడు రోజులే గడువు.

ఆ ఏడు రోజుల గడువు వెనుక సుత్తవిభంగం చెప్పే కథ ఒకటుంది. రాజగృహంలో పిలిందవచ్ఛ స్థవిరుడంటే జనానికి చాలా గౌరవం. ఆయనకు ప్రజలు తెచ్చియిచ్చిన నెయ్యి, నూనె, తేనె లెక్కకు మించిపోయాయి. ఆయన తనకు వచ్చినదంతా పరిషత్తుకు పంచేవాడు. ఆ శిష్యులు వాటిని కుండల్లో, కడవల్లో నింపి దాచారు. వడపోత గుడ్డల్లోనూ సంచుల్లోనూ నింపి కిటికీలకు వేలాడదీశారు. అవి కారి జిడ్డోడాయి, విహారమంతా ఎలుకలు చేరాయి. చూడవచ్చిన జనం, ఈ శాక్యపుత్రులు బింబిసార మహారాజులాగా లోపల కొట్టులు పెట్టుకున్నారే అని ఈసడించారు. జలుబుకు దాచుకున్న తేనెసీసా ఎప్పుడు మందు, ఎప్పుడు సరుకు అన్న తేడాను సంఘం రోజుల లెక్కతో నిర్ణయించింది. ధర్మసూక్ష్మం కంటే ఎలుకల బెడదే ఈ నియమానికి దగ్గరి కారణంగా కనిపించడం వినయపిటకపు స్వభావానికి తగినట్టే ఉంది.

పడిశానికి సంబంధించిన అసలు ఘట్టంలోనూ రోగి ఈ పిలిందవచ్ఛుడే. ఆయనకు వచ్చిన బాధను పాళీ గ్రంథం ‘సీసాభితాపం’ అంటుంది, అంటే తలలో వేడి, తలనొప్పి. గ్రంథం దానిని పీనసమని పేర్కొనలేదు. ఆ మాట మరువకూడదు. అయితే ఆయనకు జరిగిన చికిత్సలన్నీ ముక్కుకు సంబంధించినవి. అవే చికిత్సలను చరకసంహిత సూత్రస్థానంలోని ఐదవ అధ్యాయం తలబరువు, తలనొప్పి, పీనసం, ఒంటితలనొప్పి, దగ్గు, ఉబ్బసం, గొంతుపట్టు అనే వాటికి ఒకే గాటన చెబుతుంది. ప్రాచీన వైద్యుడి దృష్టిలో ఇవన్నీ మెడకు పైన పేరుకున్న దోషాలే. దారి కూడా ఒక్కటే, ముక్కు.

మొదట తలకు నూనె పెట్టుకోమన్నారు. తగ్గలేదు. ముక్కులో మందు వేసే నత్థుకమ్మాన్ని, అంటే నస్యాన్ని, అనుమతించారు. మందు ముక్కులో పడకుండా పక్కలకు కారింది. దానికి నత్థుకరణి అనే చెంచావంటి సాధనం వచ్చింది. దానితో రెండు రంధ్రాల్లోకి సమానంగా పడలేదు. జంటగొట్టాల నత్థుకరణి వచ్చింది. అప్పటికీ తగ్గకపోతే పొగ పీల్చమన్నారు. భిక్షువులు వత్తి వెలిగించి నేరుగా పీల్చబోతే గొంతు కాలింది. అప్పుడు ధూమనేత్తం, అంటే పొగ పీల్చే గొట్టం, అనుమతి పొందింది. కథ ఇక్కడితో ఆగలేదు. గొట్టాలు మూత లేకుండా ఉంటే పురుగులు దూరాయి; మూత వచ్చింది. చేత పట్టుకు తిరగవలసి వచ్చింది, సంచి వచ్చింది. ఒకే సంచిలో గొట్టాలు ఒరుసుకున్నాయి; జంటసంచి వచ్చింది. సంచి మోయడానికి భుజానికి తగిలించుకునే పట్టీ, కట్టుకోవడానికి దారం వచ్చాయి.

చదువుతుంటే నవ్వు వచ్చే మాట నిజమే. కానీ ఈ పరంపరను కల్పనగా కొట్టివేయడానికి వీలులేదు. పురుగు దూరిన గొట్టాన్ని పీల్చినవాడి అనుభవం తెలియకుండా మూత గురించిన నియమం పుట్టదు. పైగా ఒకటికి మించిన గొట్టాలు ఒకే సంచిలో ఒరుసుకోవడమంటే ఇది ఏడాదికోసారి వాడి పారేసే వస్తువు కాదు, భిక్షువు వెంట ఊరూరా తిరిగే వస్తువు. భిక్షాపాత్ర, సూది, వడపోతగుడ్డలతో పాటు పొగగొట్టం కూడా వారి భుజాన వేలాడేదన్నమాట.

ఆ వత్తి ఎలాంటిదో మహావగ్గం చెప్పదు. చరకసంహిత చెబుతుంది. సుగంధద్రవ్యాలను నూరి, ఆ ముద్దను రెల్లుపుల్ల మీద పూసి, ఎనిమిది అంగుళాల పొడవున బొటనవేలి లావున యవధాన్యపు గింజ ఆకారంలో చేసి ఆరబెట్టాలి. ఎండిన తరువాత పుల్లను లాగేస్తే లోపల బోలుగా ఉండే వత్తి మిగులుతుంది. దానికి నెయ్యి రాసి గొట్టం చివర ఉంచి వెలిగించాలి. గొట్టం పొడవును రోగి తన వేళ్లతోనే కొలుచుకోవాలి. దోషాలను వెళ్లగొట్టే పొగకు 24 అంగుళాలు, స్నిగ్ధమైన పొగకు 32, నిత్యం పీల్చే పొగకు 36. గొట్టం ఎంత పొడవైతే గొంతు చేరేలోపు పొగ అంత చల్లబడుతుంది. నేరుగా వత్తిని పీల్చి గొంతు కాల్చుకున్న భిక్షువుల కథలో ఉన్న సమస్యే ఇది; శాస్త్రగ్రంథం దానిని అంగుళాలలో పరిష్కరించింది. పొగను ముక్కుతో వదిలితే కళ్లకు హాని గనుక నోటితోనే వదలాలని కూడా చరకుడు హెచ్చరించాడు.

నస్యం విషయంలోనూ ఇటువంటి పోలికే దొరుకుతుంది. చీవరక్ఖంధకంలో జీవకుడు తక్షశిల నుండి తిరిగి వస్తూ సాకేతంలో ఒక శ్రేష్ఠి భార్యకు ఏడేళ్ల తలనొప్పిని మాన్పుతాడు. దోసెడు నేతిని మందులతో కాచి, ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి ముక్కులో పోశాడు. నెయ్యి నోట్లోకి దిగింది. ఆమె దానిని పాత్రలో ఉమ్మి, దూదితో ఎత్తి ఉంచమని దాసికి చెప్పింది. పారేయవలసిన నేతినే వదలని ఈమె తనకేమిస్తుందని జీవకుడు బెంగపడ్డాడు. ఇల్లాలు అది గ్రహించి, పనివాళ్ల కాళ్లకు రాయడానికో దీపంలో పోయడానికో పనికివస్తుందని నవ్వింది. తీరా చూస్తే ఆ ఇంటివారందరూ కలిసి జీవకుడికి ఇచ్చింది 16,000. కథలో అతిశయోక్తి ఎంత ఉన్నా, ముక్కులో పోసిన నెయ్యి నోట్లోకి దిగుతుందన్న దేహజ్ఞానం, మందును వృథా చేయని గృహిణి పొదుపు రెండూ నమ్మదగినవే. 2020లో ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రజలకు సూచించిన జాగ్రత్తల్లో ఉదయం సాయంత్రం ముక్కురంధ్రాలకు నువ్వులనూనె గానీ కొబ్బరినూనె గానీ నెయ్యి గానీ రాసుకోవడం కూడా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకొక మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపిన త్రికటుకం బుద్ధుడు ప్రసాదించినదేనని, దానికి ‘తేకటులయాగు’ సాక్ష్యమని. పేరు చూస్తే అలాగే అనిపిస్తుంది. కటుకమంటే కారం, యాగు అంటే జావ. కానీ మూలంలోని కథ వేరు. రాజగృహంలో బుద్ధుడికి కడుపులో వాతబాధ కలిగింది. పూర్వం ఈ జావతో ఆయనకు నిమ్మళించిన సంగతి ఆనందుడికి గుర్తుంది. తానే వెళ్లి నువ్వులు, బియ్యం, పెసలు అడిగి తెచ్చి, లోపల ఉంచి, లోపలే తన చేతులతో వండి తెచ్చి పెట్టాడు. అంటే మూడు పదార్థాలు నువ్వులు, బియ్యం, పెసలు. కారపుదినుసుల ప్రస్తావనే ఆ కథలో లేదు. త్రికటుకంలోని మూడు దినుసులూ భేసజ్జక్ఖంధకంలో ఉన్న మాట వాస్తవమే గాని, అల్లం వేళ్ల పట్టికలో, పిప్పళ్లు మిరియాలు కాయల పట్టికలో వేర్వేరుగా ఉన్నాయి. వాటిని కలిపి ఒక యోగంగా అక్కడ ఎవరూ చెప్పలేదు.

అసలు ఆ కథ చెప్పదలచింది జావ గొప్పతనాన్ని కాదు. బుద్ధుడు ఆ జావ తాగలేదు సరికదా, ఆనందుణ్ణి మందలించాడు. లోపల నిల్వచేసినది, లోపల వండినది, స్వయంగా వండినది వాడరాదని నిషేధించాడు. ప్రేమతో చేసిన పనికి అంత కఠినమైన మందలింపు ఎందుకన్నది ఆలోచించవలసిన విషయం. కడుపునొప్పికి నువ్వులజావ కాచియిచ్చే ఆనందుడు ఆ క్షణంలో భిక్షువుగా కాక ఇంట్లోని మనిషిగా ప్రవర్తించాడు. వంటయిల్లు ఒకసారి విహారంలోకి అడుగుపెడితే భిక్ష అడగవలసిన పని ఉండదు. భిక్ష లేకపోతే సంఘానికీ గ్రామానికీ మధ్య ఉన్న తాడు తెగిపోతుంది. కరవు వచ్చినప్పుడు ఈ నిషేధాన్ని సడలించారు, అది తీరాక మళ్లీ బిగించారు. తరువాత నిల్వకు, వంటకు విహారపు ఆవరణలోనే విడిగా ఒక ‘కప్పియభూమి’ని నిర్ణయించుకోవచ్చన్నారు. వంటయిల్లు చివరికి వచ్చింది, కానీ వాకిట్లోనే ఆగింది.

నిప్పు సంగతి కూడా ఇంతే. భగ్గుల దేశంలో చలికాలంలో భిక్షువులు ఒక పెద్ద తొర్రమానుకు నిప్పుపెట్టి చలి కాచుకుంటుంటే, లోపల ఉన్న నల్లత్రాచు వేడికి బయటికొచ్చి వారిని తరిమింది. అప్పటి నుండి చలి కాచుకోవడానికి నిప్పు రాజేయడం పాచిత్తియ దోషమైంది, రోగులకు తప్ప. చలికి మరో విరుగుడుగా మూడు చీవరాలు వచ్చాయి. వైశాలిలో మంచు కురిసే నడిచలి రాత్రుల్లో బుద్ధుడు ఆరుబయట కూర్చుని, ఏ జామున ఎన్ని వస్త్రాలు అవసరమయ్యాయో తన ఒంటిమీద చూసుకుని ఆ సంఖ్యను నిర్ణయించాడని మహావగ్గం చెబుతుంది.

కానీ పడిశం పట్టినవాడికి చీవరం చాలదు, చెమట పట్టాలి. పిలిందవచ్ఛుడికే అంగవాతం వచ్చినప్పుడు స్వేదకర్మలు ఒకదాని వెంట ఒకటి అనుమతి పొందాయి. ఆకులతో పట్టించే చెమట, మహాస్వేదం, ఆకులు కాచిన నీటిని చిలకరించడం, వేడినీటి తొట్టిలో కూర్చోవడం. మహాస్వేదాన్ని 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు సమంతపాసాదికలో వివరించాడు. మనిషి పొడవున గొయ్యి తీసి, నిప్పులతో నింపి, పైన మట్టి పరచి, దాని మీద వాతహరమైన ఆకులు పరచి, ఒంటికి నూనె రాసుకుని పడుకుని దొర్లడం. బాలింతకు వావిలాకు నీళ్లు పోసే తెలుగు ఇంటికి ఇందులో కొత్తగా అనిపించేది గొయ్యి ఒక్కటే.

వైశాలిలో రుచికరమైన విందులు తిని ఒళ్లు బరువెక్కిన భిక్షువులను చూసి, నడకకు చంక్రమాన్నీ చెమటకు జంతాఘరాన్నీ అనుమతించమని జీవకుడే బుద్ధుణ్ణి కోరాడని చుల్లవగ్గం అంటుంది. జంతాఘరమంటే కొలిమి ఉన్న వేడిగది. గది చిన్నదైతే పొయ్యి ఒక పక్కన, పెద్దదైతే నడుమ ఉండాలి. సెగకు ముఖం మండితే పూసుకోవడానికి మట్టి, నేల బురదైతే ఇటుకల పరుపు, నీరు పోవడానికి కాలువ. పొగ పోవడానికి ఒక గొట్టం. ఆ గొట్టం పేరు కూడా ధూమనేత్తమే. పిలిందవచ్ఛుడి చేతిలో ఉన్నదీ, జంతాఘరపు కప్పులో ఉన్నదీ ఒకే మాటతో పిలవబడ్డాయి. పాఠకుడు సందర్భం చూసుకోకపోతే పొరబడతాడు. శ్రీలంకలోని అరణ్యవిహారాల శిథిలాల్లో జంతాఘరాలుగా గుర్తించిన కట్టడాలు నేటికీ చూడవచ్చు.

వెల్లుల్లి మరొక చిక్కు. వెల్లుల్లి తిన్న ఒక భిక్షువు తన వాసన ఇతరులకు ఇబ్బంది కాకూడదని ధర్మోపదేశవేళ దూరంగా కూర్చున్నాడు. ఉపదేశానికి దూరం చేసే ఆహారం తినదగునా అని బుద్ధుడు వెల్లుల్లిని నిషేధించాడు. తరువాత సారిపుత్రుడికి కడుపులో వాతం చేసింది. పూర్వం దేనితో తగ్గేదని మొగ్గల్లానుడు అడిగితే, వెల్లుల్లితో అన్నాడు. రోగం కారణమైతే తినవచ్చని అనుమతి వచ్చింది. ఆహారంగా కూడదు, మందుగా కూడును. 1890లో మధ్యాసియాలోని కూచాలో హామిల్టన్ బోవర్ సంపాదించిన భూర్జపత్ర ప్రతి ఈ అనుమతికి పట్టిన వింత ఫలం. బౌద్ధులు రాసి భద్రపరచిన ఆ సంపుటిలోని వైద్యభాగం వెల్లుల్లి మహిమతోనే మొదలవుతుంది. దాని పుట్టుక, గుణాలు, వాడే పద్ధతులు పద్యాల్లో ఉన్నాయి. సుమారు 6వ శతాబ్దానికి చెందిన ఆ ప్రతిని హోర్న్‌లె దాదాపు రెండు దశాబ్దాలు శ్రమించి ప్రకటించాడు.

పడిశం ప్రసక్తిలో తుమ్మును వదలడం భావ్యం కాదు. ధర్మం బోధిస్తూ బుద్ధుడు ఒకసారి తుమ్మాడు. భిక్షువులందరూ ఒక్కపెట్టున, భగవానుడు జీవించుగాక అని కేకలు వేశారు, ఉపదేశం ఆగిపోయింది. అలా అనడం వల్ల మనిషి బతుకుతాడా, చస్తాడా అని అడిగి, ఇకపై అనవద్దన్నాడు. తరువాత భిక్షువులు తుమ్మినప్పుడు గృహస్థులు అదే దీవన పలికితే వీరు బదులు పలకక మౌనంగా ఉండిపోయారు. ఏమిటీ మర్యాద లేనితనం అని జనం నొచ్చుకున్నారు. గృహస్థులు మంగళాన్ని కోరుకునేవారు, కనుక వారు దీవిస్తే మీరూ ‘చిరం జీవ’ అనండి అని బుద్ధుడు సడలించాడు. తెలుగు తల్లి తుమ్మిన పసిబిడ్డ తల నిమిరి అనే మాట కూడా అదే. నమ్మకం లేకపోయినా మర్యాద పాటించమన్న ఈ సడలింపు, ఎలుకల కథలాగే, గ్రామం కన్ను ఎప్పుడూ సంఘం మీద ఉండేదని గుర్తుచేస్తుంది.

ఈ సామగ్రి ఆధారంగా ఆయుర్వేదానికి మూలం బౌద్ధవిహారమేనని చెప్పాలని కొందరికి ఉబలాటం. శ్రమణపరంపరలో, విశేషించి విహారాల్లో, అనుభవవైద్యం పోగై శాస్త్రరూపం దాల్చిందని 1991లో కెన్నెత్ జిస్క్ వాదించాడు. ఆ వాదంలో బలం ఉంది. కానీ ధూమనేత్తం కథ చూపేది మరింత నిరాడంబరమైన విషయం. పొగ పీల్చడం, ముక్కులో నెయ్యి వేయడం, ఆవిరి పట్టడం అప్పటికే లోకంలో ఉన్నాయి. సాకేతపు శ్రేష్ఠి ఇంట్లో జరిగిన చికిత్స భిక్షువులు కనిపెట్టినది కాదు. సంఘం చేసినది ఆ ఇంటివైద్యాన్ని ఇల్లు లేనివారికి కుదిరేలా ఒకటొకటిగా మలచుకోవడం, ఎక్కడ ఏది చెడిందో రాసిపెట్టుకోవడం. పాళీ త్రిపిటకం శ్రీలంకలో గ్రంథస్థమైంది క్రీ.పూ. 1వ శతాబ్దంలో గనుక, ఈ కథల్లోని ప్రతి వివరాన్నీ బుద్ధుని కాలానికే ముడిపెట్టడం కూడా సాహసమే. వ్యక్తుల కోసం సాగిన ఈ ఏర్పాట్లు సంస్థలుగా పెరిగిన తరువాతి దశ వేరు. 1951–55 నడుమ పాటలీపుత్రంలోని కుమ్రహార్ తవ్వకాల్లో ఆరోగ్యవిహారపు భిక్షుసంఘం పేరున్న ముద్రిక దొరికింది. మిహింతలే వైద్యశాల శిథిలాల్లో రోగిని నూనెలో పడుకోబెట్టే రాతితొట్టి నేటికీ ఉంది.

ఆంధ్రదేశం మాటేమిటి? మనుషులకూ పశువులకూ పనికివచ్చే ఓషధులు లేనిచోట తెప్పించి నాటించానని అశోకుడు చెప్పిన రెండవ శిలాశాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాకుమారి కోడబలిసిరి మహీశాసక శాఖ ఆచార్యులకు విహారం కట్టించింది. ఆ శాఖవారి వినయగ్రంథాన్ని ఫాహియాన్ సింహళంలో సంపాదించాడు. అది 5వ శతాబ్దంలో చీనాభాషలోకి మారి, ఆ రూపంలోనే మనకు మిగిలింది. కనుక కృష్ణాతీరపు విహారంలో జలుబు చేసిన భిక్షువు ఏ నియమం పాటించేవాడో తెలియాలంటే పాళీ ఒక్కటే చాలదు, ఆ చీనా గ్రంథాన్ని కూడా పక్కన పెట్టుకు చదవాలి. మన విశ్వవిద్యాలయాల్లో ఆ పని చేయగలవారిని తయారుచేయడం ఇప్పటికే ఆలస్యమైంది.

ఇక మట్టిలోని సాక్ష్యం. షడ్వర్గీయ భిక్షువులు బంగారు, వెండి ధూమనేత్తాలు వాడితే, భోగులైన గృహస్థుల్లా ఉన్నారని జనం నిందించారు. దానితో వాడదగిన పదార్థాలు పదింటిని పేర్కొన్నారు. ఎముక, దంతం, కొమ్ము, రెల్లు, వెదురు, కర్ర, లక్క, కాయడిప్ప, లోహం, శంఖనాభి. కాటుకభరిణెకు, కాటుకపుల్లకు, నత్థుకరణికి, చెవిగుబిలి తీసే పుల్లకు కూడా ఇదే పట్టిక. ఈ పదింటిలో రెల్లు, వెదురు, కర్ర, లక్క, కాయడిప్ప మన నేలల్లో వందల ఏళ్లు నిలవవు. భిక్షువుల్లో అధికులు వాడినవి చవకగా దొరికే వెదురు, రెల్లు గొట్టాలే అయివుంటే, వాటి జాడ ఎన్నటికీ దొరకదు. మిగిలేవి ఎముక, దంతం, కొమ్ము, రాగి, శంఖం.

అవి దొరికినా పేరు పెట్టడం అంత సులువు కాదు. విహారపు గదిలో రెండు కొసలూ కోసి నునుపు చేసిన బోలు ఎముకముక్క ఒకటి బయటపడిందనుకుందాం. అది కత్తిపిడి కావచ్చు, సూదులు దాచే గొట్టం కావచ్చు, పూస కావచ్చు, పిలిందవచ్ఛుడి వంటి ఒక ముసలి భిక్షువు రాత్రివేళ పొగ పీల్చిన ధూమనేత్తం కావచ్చు. ఆకారం ఒక్కటే దీనిని తేల్చలేదు. తవ్వకపు పట్టికలో మొదట రాసిన పేరు అలాగే నిలిచిపోతుంది. ‘పిడి’ అని ఒకసారి పడితే తరువాతివారు దానిని వైద్యదృష్టితో చూడరు. రాగిపుల్లలు కాటుకపుల్లలుగా గుర్తింపు పొందడానికి కారణం ఆ వాడుక ఇళ్లలో నేటికీ మిగిలి ఉండడమే. పొగగొట్టానికి ఆ భాగ్యం లేదు.

తేల్చగలిగేది లోపలి పొర. నెయ్యి రాసిన సుగంధపు వత్తిని కాల్చినప్పుడు కొవ్వు, బంక, మసి గొట్టపు గోడలకు అంటుకుంటాయి. ఎముక ఆ జిడ్డును పీల్చుకుంటుంది. గ్యాస్ క్రోమటోగ్రఫీతో ఆ అవశేషాలను గుర్తించే పద్ధతులు నేడు అందుబాటులో ఉన్నాయి. కానీ తవ్వినచోటే సాయంత్రానికల్లా చిన్న వస్తువులను నీటిలో నానబెట్టి, లోపలి మట్టిని పుల్లతో పొడిచి, శుభ్రంగా కడిగి ఎండబెట్టడం చాలా తవ్వకాల్లో అలవాటు. ఫోటోకు అవి ముచ్చటగానే ఉంటాయి. బౌద్ధస్థలాల్లో ఇకపై దొరికే బోలు ఎముక, దంతపు, రాగి గొట్టాలను కడగకుండా, లోపలి మట్టితో సహా కాగితంలో చుట్టి, దొరికిన గది, పొర వివరాలతో విడిగా ఉంచాలి. పాత తవ్వకాల్లో దొరికి మ్యూజియం సొరుగుల్లో ఉన్నవాటిలో నీళ్లు తగలనివి కొన్నైనా ఉంటాయి. వాటిని ముందు వెతకాలి.